ట్యాంకు కింద మెత్త

జూన్ 3

పిచ్చుకకి,

నీ మొదటి ప్రశ్నకి జవాబు: తింటున్నాను. రెండోదానికి: నిద్రపోతున్నాను. మూడోది, ఎప్పుడొస్తావన్నది, దానికి జవాబు కొంచెం పొడుగు, కూర్చుని చదువు.

కారు పని దాదాపు అయిపోయింది. సీట్లు కుట్టాను, తలుపుల లోపలి గుడ్డ మార్చాను, పైకప్పు బిగించాను. నీ వయసూ నా వయసూ కలిపితే ఎంతో, దాని వయసు అంత. పళ్ళ డాక్టరుగారు దాన్ని "మా అమ్మాయి" అంటారు. ఆయనకి చూపు మసకబారుతోందట. పూర్తిగా పోయేలోగా ఒక్కసారి ఊరి చివరిదాకా తన చేత్తో నడపాలని ఆయన కోరిక. పాపం, ఆ ఒక్కటే కోరిక.

ఇక మిగిలింది చిన్న పని. డిక్కీలో పెట్రోలు ట్యాంకు ఒక ఇనపరేకు మీద కూర్చుంటుంది. పైనుంచి రెండు పట్టీలు దాన్ని బిగించి పట్టుకుంటాయి. రేకుకీ ట్యాంకుకీ మధ్య మెత్త ఉండాలి. లేకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని దారంతా కీచుమంటాయి, చివరికి చిల్లి పడుతుంది. పాత మెత్త నీళ్ళు పీల్చి కుళ్ళిపోయి ట్యాంకు అడుగంతా తుప్పు పట్టించింది. వెల్డింగు ఆయన చిల్లి పూడ్చి ఇచ్చాడు. కొత్త మెత్త వేసి పట్టీలు బిగిస్తే నేను సంచి సర్దుకోవడమే. వారం, మహా అయితే పదిరోజులు. మన కొట్లో రెండో అరలో బూడిదరంగు ఉన్ని ఫెల్టు చుట్ట ఉంది. గజం ముక్క కోసి పంపు.

ఇక్కడో తమాషా. డాక్టరుగారు మధ్యాహ్నం కునుకు తీస్తారు. వెళ్తూ వెళ్తూ షెడ్డు తలుపుకి బయటనుంచి గడియ పెట్టేస్తారు. క్లినిక్కు మూసినప్పటి అలవాటట. లోపల నేనున్నానని గుర్తుండదు. కిటికీ లేదు. పైరేకులో చిల్లు లోంచి బొత్తామంత వెలుగు పడి, బానెట్టు మీదనుంచి నెమ్మదిగా నేలకి దిగుతుంది. అది ముందు చక్రం దాకా వచ్చేసరికి ఆయన లేస్తారు. రోజూ రెండు గంటలు నేనూ, కారూ, ఆ వెలుగూ.

మీ అన్నయ్య పోయాక ఈ రెండేళ్ళలో నేను కొట్టు వదిలి ఇన్నాళ్ళుండటం ఇదే మొదటిసారి. కొట్టు ఎలా ఉంది?

వదిన

&nbsp;

జూన్ 8

వదినకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఆ ఉభయుల్లో ఒకర్ని రోజూ రెండు గంటలు గదిలో పెట్టి గడియ వేస్తున్నారని తెలిశాక చెయ్యి రాలేదు. ఆ డాక్టరుగారికి నా మాటగా చెప్పు, మా వదిన మాకూ కావాలి అని.

ఫెల్టు పంపుతున్నాను. గజమన్నావు, గజంన్నర కోశాను. కత్తెర నామాట ఎప్పుడు విన్నది కనక.

కొట్టు కొట్టులాగే ఉంది. కాళ్ళు చాపితే రెక్సిన్ చుట్టలు, చేతులు చాపితే స్పాంజి దిమ్మలు, తలెత్తితే అటక. జిగురువాసన నా జడకి కూడా పట్టింది. నిన్న వ్యాను డ్రైవరొకాయన వచ్చి సీటు మెత్తగా ఉండాలి, కానీ మరీ మెత్తగా ఉండకూడదు, గట్టిగా ఉండాలి, కానీ గట్టిగా తగలకూడదు అన్నాడు. అలాంటి సీటు దొరికితే నాక్కూడా ఒకటి కావాలన్నాను.

అన్నయ్య స్టూలు ఎక్కడిదక్కడే ఉంచాను. ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఆ వ్యాను ఆయన కూర్చోబోతే కసిరాను కూడా. నువ్వు నిశ్చింతగా ఉండు.

చెప్పడం మర్చిపోయాను. మర్చిపోలేదులే, ఎక్కడ చెప్పాలో తెలియక ఇక్కడిదాకా మోసుకొచ్చాను. సర్వే ఆఫీసునుంచి కాగితం వచ్చింది. పటాలు గీసే పనికి నన్ను తీసుకున్నారట! జూలై 31 లోగా చేరాలి. రైల్లో ఏడు గంటల దూరం. నువ్వేం కంగారుపడకు. కొట్టు వదిలేసి నేనెక్కడికి పోతాను? నాకంత తొందరేం లేదు. నీ పని నిదానంగా చూసుకునే రా. ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను, అంతే. నవ్వకు.

నీ పిచ్చుక

&nbsp;

జూన్ 17

పిచ్చుకకి,

నీ ఫెల్టు అందింది. మెత్తగా, ముచ్చటగా ఉంది. కానీ లాభం లేదు. చిన్నముక్క తడిపి రేకు మీద పరిచి పైన బరువు పెట్టి చూశాను. నాలుగో రోజుకి కూడా తడి ఆరలేదు. పై వైపు పొడిగానే ఉంటుంది, చెయ్యి పెట్టి చూసి బాగుందనుకుంటాం. అడుగున మాత్రం ఇనుము నానుతూనే ఉంటుంది. పాత మెత్త చేసిన పాపం ఇదే. బెండు పలక పంపు, సీసా బిరడాలకి వాడే రకం. అటక మీద ఎడంచేతి పక్కన ఉండాలి.

సర్వే ఉద్యోగం సంగతి చదివాను. తొందరేం లేదని నువ్వే రాశావు కనక నేనూ ఏమీ అనడం లేదు. మీ అన్నయ్య కొట్టంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు. ఆ కాగితం జ్ఞాపకంగా దాచుకో, ఎప్పటికైనా చూసుకుంటే బాగుంటుంది.

ఆ స్టూలు తీసి అటక మీద పెట్టెయ్యరాదూ. దారికడ్డం.

డాక్టరుగారు రోజూ వచ్చి "ట్యాంకుకి దిండు వేశావామ్మా?" అంటారు. మెత్త అనరు. నేను నవ్వేసి ఊరుకుంటాను.

వదిన

&nbsp;

జూన్ 24

వదినకి,

బెండు పలక పంపాను. దానికోసం అటకెక్కి, దిగడానికి నిచ్చెన జారిపోతే అరగంట పైనే కూర్చున్నాను. ఎదురు అరుగు మీద చెప్పులు కుట్టే ఆయన చూసి వచ్చి నిచ్చెన నిలబెట్టాడు. మనింట్లో ఆడవాళ్ళకి ఈ ఏడాది ఇరుక్కుపోవడం రాసిపెట్టి ఉన్నట్టుంది.

స్టూలు సంగతి అర్థమైంది. పైకి అడ్డం అన్నావు కానీ, దుమ్ము పడుతుందని నీ బాధ. నాకు తెలియదా! అందుకే అటకెక్కించలేదు. శుభ్రంగా తుడిచి, ముదురెరుపు రెక్సిన్ తో మెత్త కుట్టాను. అంచుకి పైపింగు కూడా వేశాను, నువ్వు నేర్పినట్టే. నువ్వు రాగానే దానిమీద కూర్చోవాలి. కొట్లో అన్నయ్య చోటు ఖాళీగా చూడలేకపోతున్నాను.

వదినా, ఒక్క మాట. నువ్వు జూలై పదికల్లా వచ్చేస్తావా? ఊరికే అడుగుతున్నాను. పైగదినుంచి కొట్లోకి పదిహేడు మెట్లు. కొట్లోంచి పైగదికి మళ్ళీ అవే పదిహేడు. మూడు వారాలుగా నేను తిరిగిన లోకం అది. మొన్న ఆదివారం వీధి మలుపుదాకా నడిచి వద్దామని షట్టరు సగం దించాను. సీటుకవరు కోసం ఒకాయన ఆ సగంలోంచి వంగి లోపలికొచ్చాడు. పాత సంచి విప్పి దానిమీద మన వీధి పటం గీశాను. ఎంత జాగ్రత్తగా గీసినా మన కొట్టే మధ్యలో వస్తోంది.

నువ్వేం పట్టించుకోకు. పని ముఖ్యం.

నీ పిచ్చుక

&nbsp;

జూలై 3

పిచ్చుకకి,

బెండు కూడా కుదరలేదు. పట్టీలు బిగించిన చోట నలిగి పొడిపొడి అయింది. పట్టీ వదులైతే ట్యాంకు కదులుతుంది, బిగిస్తే బెండు చస్తుంది. ఇంక పెట్రోలుకి పాడవని రబ్బరొక్కటే గతి. మామూలు రబ్బరు కాదు, అది పెట్రోలు ఆవిరికే ఉబ్బుతుంది. గల్లాపెట్టె కింద సొరుగులో నల్లటి పలక ఉంటుంది, అది పంపు. జూలై పది మాట ఇప్పుడు చెప్పలేను.

స్టూలుకి మెత్త ఎందుకు కుట్టావు? నేనేం కూర్చోను. నీకంత ఇష్టమైతే నువ్వే కూర్చో.

నిన్న డాక్టరుగారు బానెట్టు మీద చెయ్యి వేసి అటుపక్కనుంచి ఇటుపక్కకి తడుముకుంటూ వచ్చారు. రోజుకింత తగ్గుతోందమ్మా అన్నారు. చూపు సంగతి. నేను తల వంచుకుని మేకులు ఏరుకున్నాను.

వదిన

&nbsp;

జూలై 9

వదినకి,

రబ్బరు పంపుతున్నాను. ఇదే ఆఖరి పొట్లం. ఇది కూడా పనికిరాకపోతే ఆ ట్యాంకు కింద నన్ను పరుచుకో. ఇప్పటికే కావలసినంత నలిగి ఉన్నాను.

స్టూలు మీద నన్నే కూర్చోమన్నావు. మంచిది. కూర్చున్నాను, ఇంకా కూర్చునే ఉన్నాను. ఆ మెత్తకి రెండు రాత్రుళ్ళు పట్టింది. బాగుంది అని ఒక్కమాట రాస్తే నీ సిరా ఏమైనా తరిగిపోయేదా?

ఈ ఉత్తరం చిన్నది. పొద్దుటినుంచి పొట్లాలు కట్టడమే సరిపోయింది. ఒకటి నీకు, ఒకటి చెప్పులాయనకి. వచ్చే తేదీ రాయి. అంకె రాయి, త్వరలో అని రాయకు.

పిచ్చుక

&nbsp;

జూలై 19

పిచ్చుకకి,

కోపం తగ్గిందా? మెత్త బాగుండే ఉంటుంది. నీ చేతిపని ఎప్పుడు బాగుండలేదని!

రబ్బరు గురించి రాయాలంటే మనసు రావడం లేదు. నువ్వు పంపింది మంచి సరుకే, తప్పు నీది కాదు. ట్యాంకు కింద పరిచి పట్టీలు బిగించి, రెండు చుక్కల పెట్రోలు ఒలికించి చూశాను. మూడో రోజుకి అంచులు ఉబ్బి పైకి లేచాయి. నల్లగా చేతికి అంటుకుంటోంది. ఎప్పటిదో పాత పలక అయ్యుంటుంది. బజారులో కొత్తది దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే ఒంటె ఉన్నితో చేసిన ఫెల్టు ఉంటుందంటారు, అది తెప్పించాలి. నెల పట్టొచ్చు.

అంకె రాయమన్నావు. ఎలా రాయను, చెప్పు. పని చేతిలో ఉంది, చేతులు పనిలో ఉన్నాయి.

వదిన

&nbsp;

జూలై 23

వదినా,

చెప్పులాయన ఇవాళ వచ్చాడు. రెండువారాలు వాళ్ళ కూతురి దగ్గరకి వెళ్ళి నిన్ననే వచ్చాడట. పొట్లం నా ముందు పెట్టి, "ఏమ్మా, పిల్లల బూట్లలో వేసే అట్టలు కత్తిరించి పెట్టమంటే ఈ నల్లదిమ్మ ఇచ్చావేంటి? ఇదేస్తే పిల్లలు నడుస్తారా, ఎగురుతారా?" అన్నాడు. విప్పి చూశాను. పెట్రోలు రబ్బరు. పలక పలకలాగే ఉంది.

అంటే నీకు వచ్చింది అట్టలు. పద్నాలుగు జతలు. ఒక్కోటి నా అరచెయ్యంత.

ఇప్పుడు చెప్పు. పద్నాలుగు జతల పిల్లల బూట్ల అట్టలు ట్యాంకు కింద పరిచావా? పట్టీలు బిగించావా? అవి ఉబ్బి నీ చేతికి నల్లగా అంటుకున్నాయా? అట్టలు తెల్లవి వదినా.

నువ్వు ఆ పొట్లం విప్పనే లేదు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత స్టూలు మీద కూలబడ్డాను. నువ్వు అబద్ధాలాడతావని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఆ కారు నిన్ను కట్టిపడేసిందనుకున్నాను, గడియ వేసిన షెడ్డులో నువ్వు మగ్గిపోతున్నావని జాలిపడ్డాను. నీకు రావాలనే లేదు.

మొహమాటానికి పోయి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. ఇక వినిపించుకో. ఆ ఉద్యోగం నాకు కావాలి. తొందరేం లేదని రాశాను, అది మొహమాటం. కొట్టు వదిలి ఎక్కడికి పోతానన్నాను, అదీ మొహమాటమే. నాకీ కొట్టు ఊపిరాడనివ్వడం లేదు. నీది కదా అని, నువ్వొచ్చేదాకా కాపలా కాయాలి కదా అని కూర్చున్నాను. ఎనిమిది రోజులే ఉన్నాయి. నేను షట్టరు దించేసి వెళ్ళిపోతే నీ బతుకు మీద దించినట్టవుతుందని భయం.

అన్నయ్య పోయాక నేను నీకు ఏమీ కానా? అది చెప్పు. ఒంటె ఉన్ని సంగతి వద్దు.

పిచ్చుక

&nbsp;

జూలై 27

పిచ్చుకా,

ఈ ఉత్తరం వెనకాలే ఒక్కరోజు తేడాతో నేనూ వస్తున్నాను. ముందు కాగితాన్ని ఎందుకు పంపుతున్నానంటే, నీ మొహం చూస్తూ ఇది చెప్పలేను.

పొట్లం విప్పలేదు. ఫెల్టుకి తడి ఆరదని, బెండు నలిగిపోతుందని నాకు ముందే తెలుసు. తెలిసే అడిగాను. రబ్బరు నిలుస్తుందని కూడా తెలుసు. విప్పితే వెయ్యాలి. వేస్తే పని అయిపోతుంది. అయిపోతే కొట్టుకి రావాలి.

అసలు ట్యాంకు కింద ఏదీ పరవకూడదు. పెళ్ళయిన కొత్తలో మీ అన్నయ్య నేర్పాడు. పలకగా పరిస్తే ఎంత మంచి సరుకైనా కిందికి చేరిన నీళ్ళు పోయే దారుండదు. వేలెడు వెడల్పు పీలికలు కొయ్యాలి, పీలికకీ పీలికకీ మధ్య వేలెడు సందు వదలాలి. నీళ్ళు జారిపోతాయి, గాలి ఆడుతుంది. పెట్రోలు రబ్బరు గొట్టం నిలువునా చీలిస్తే చాలు. నాలుగు ముక్కలు నా సంచిలోనే ఉన్నాయి, ఇక్కడికి వచ్చిన రోజునుంచీ. నీ ఉత్తరం చదివి లేచి వేశాను. గంటన్నర పట్టింది.

షెడ్డు గడియ సంగతి కూడా చెప్పేస్తాను. తలుపు సందులోంచి పుల్ల దూర్చి పైకి ఎత్తితే వస్తుంది. రెండో రోజే కనిపెట్టాను. ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇక ఎందుకు రావాలని లేదో రాస్తాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరోజు నేను వెనకగదిలో మిషను దగ్గర ఉన్నాను. మీ అన్నయ్య ముందు స్టూలు మీద. దారం బూడిదరంగుదా నల్లదా అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. పలకలేదు. నాకు ఒళ్ళు మండింది. మిషను ఆపకుండానే మొదలుపెట్టాను. నా మాటంటే లెక్కలేదన్నాను. గోడకి చెప్పుకున్నా నయమన్నాను. పెళ్ళినాటినుంచి ఉన్నవన్నీ తవ్వాను. పది నిమిషాలు తిట్టాను పిచ్చుకా, గడియారం చూసుకున్నాను కనక తెలుసు. ఆ పది నిమిషాలూ ఆయన గోడకి ఆనుకుని, కత్తెర చేతిలో పట్టుకుని, పోయి ఉన్నాడు.

ఈ రెండేళ్ళూ నేను వెనకగదిలోనే కుట్టాను. ముందుకి ఎన్నిసార్లు వచ్చానో లెక్కపెట్టుకో. నువ్వు స్టూలు తుడిచానంటే, ఎవర్నీ కూర్చోనివ్వనంటే, మెత్త కుట్టానంటే నాకెలా ఉంటుంది? అలాగని మూసెయ్యమని ఏ నోటితో అనను? అది మీ అన్నయ్యది, నీకు ప్రాణం అనుకున్నాను. నువ్వేమో నాదనుకున్నావు. ఇద్దరికీ అక్కర్లేని దాన్ని ఇద్దరం ఎంత భద్రంగా పట్టుకున్నామో చూడు.

మూసెయ్. నాకు ఆ కొట్టు వద్దు. మొహమాటం లేకుండా రాస్తున్నాను, నువ్వు కూడా మొహమాటపడకుండా రైలెక్కు. నువ్వు నాకు ఏమీ కావా అని అడిగావు. ఇంత సిగ్గుమాలిన సంగతి నీకు తప్ప ఇంకెవరికి రాశాను?

డాక్టరుగారి కాళ్ళమీద పడ్డంత పని చేశాను. కావాలనే ఏడు వారాలు జాగుచేశానని చెప్పాను, ఆయన చూపులో ఏడు వారాలు నేను తినేశానని. ఆయన, "నా దగ్గరికొచ్చేవాళ్ళెవరూ నొప్పిపన్ను చూపించరమ్మా, పక్కపన్ను చూపిస్తారు. నాకలవాటే" అన్నారు. సాయంత్రం ఊరి చివరిదాకా నడిపారు. పక్కన కూర్చుని కుడి, ఎడమ అని నేను చెబుతూ వచ్చాను. ట్యాంకు కిక్కురుమనలేదు. మొదట్లోనే వేసుంటే నేను చెప్పే అవసరం లేకుండా నడిపేవారు. ఆ మాట ఆయన అనలేదు.

వదిన

&nbsp;

ఆగస్టు 4

వదినకి,

నేను చేరాను. 31వ తేదీ మధ్యాహ్నం, గుమాస్తా రిజిస్టరు మూయబోతుండగా. నాకిచ్చిన బల్ల కిటికీ పక్కన ఉంది. మొదటి రోజు పని చెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, పక్క బల్లావిడ "ఏం వెతుకుతున్నావు?" అంది. ఏమీ లేదండీ, చూస్తున్నానంతే అన్నాను.

డాక్టరుగారి స్నేహితుడి పాతకారు పని ఒప్పుకున్నానని రాశావు. సంతోషం. ఈసారి పొట్లాలు వస్తే విప్పు. ఆ పద్నాలుగు జతల అట్టలు చెప్పులాయనకి పోస్టులో పంపెయ్యి, పాపం అడుగుతున్నాడు. స్టూలు ఆయనకిచ్చి మెత్త మాత్రం నువ్వు పట్టుకుపోయావు. అది బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేదు.

ఒకటి చెప్పాలి. ఆఖరిరోజు షట్టరు దించేముందు నన్ను బయట నిలబెట్టి నువ్వు లోపలికెళ్ళావు కదా. నువ్వు ఆ స్టూలుకి ఎదురుగా కింద కూర్చున్నావని నాకు సందులోంచి కనపడింది. నీ గొంతు వీధిలోకి వినిపిస్తోంది. మొదట మెల్లగా, తర్వాత పెద్దగా. దారం రంగు అడిగితే చెప్పకుండా పోతావా అన్నావు. పలక్కుండా పోతావా అన్నావు. నేను వినకూడదని అవతలివైపుకి నడిచాను.

చెప్పులాయన తలెత్తి, "లోపల ఎవరితోనమ్మా, అంత గట్టిగా మాట్లాడుతోంది?" అన్నాడు.

"మా అన్నయ్యతో. తిడుతోంది" అన్నాను.

ఆయన చేతిలో సుత్తి పక్కన పెట్టి, ఒళ్ళోని చెప్పు మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. నువ్వు బయటికి వచ్చేదాకా ఒక్క మేకు కొట్టలేదు.

నీ పిచ్చుక